ఆ మట్టికట్ట తీయించండి

పార్కు అధికారి గారికి,

నేను బే ఏరియా కొండల్లో సైకిల్ తొక్కే తెలుగువాణ్ణి. 1976లో రీప్యాక్ అనే కొండ దిగే సైకిల్ పందేలు మొదలైంది ఈ ప్రాంతంలోనే.

ఈ వేసవిలో మా బాట బాగుచేయడానికి మినీ ఎక్స్‌కవేటర్ దించారు. రెండడుగుల దారి అయిదడుగులైంది. రాళ్లు, వేళ్లు పోయి నున్నగా అయ్యేసరికి సైకిళ్ల వేగం పెరిగింది. ఎదురుగా నడిచి వచ్చే పెద్దవాళ్లను చూస్తే భయమేస్తోంది. అంతకన్నా దిగులు, లోయ వైపు అంచున యంత్రం వదిలేసిన మట్టికట్ట. వాననీరు పక్కకు జారే వీల్లేక బాట వెంటే పారుతుంది, గాడి కోసేస్తుంది.

యంత్రం అసలే వద్దనను. కొత్త బాట తవ్వడానికి కావాలి. పాత బాటకు పార, గొడ్డలి చాలు. నవంబరు వానలకు ముందే ఆ కట్ట తీయించి, బాటను లోయ వైపు కాస్త వాలుగా సరిచేయించండి. శనివారాలు పనికి మేమొస్తాం.

ఇట్లు,
మీ బాటల మీద తిరిగే ఒక సైక్లిస్టు