వెండి రేణువు తలుపు తడితే..!

పసిపిల్లలకు ఉగ్గుపెట్టే వెండిగిన్నె తెలుసుగా! వెండికి సూక్ష్మజీవుల్ని చంపే గుణం ఉంది. ఆ గుణాన్ని నమ్ముకునే కొన్నిరకాల సాక్సుల్లో, బనీన్లలో, గాయాలకు వేసే కట్లలో వెండి నానో రేణువుల్ని కలుపుతున్నారు. 2009లో మార్కెట్‌లోకి వచ్చిన టాటా స్వచ్ వాటర్ ఫిల్టర్‌లో వరి ఊక బూడిదకు అద్దింది ఈ రేణువుల్నే.

బాగానే ఉంది. కానీ ఆ సాక్సుల్ని ఉతికితే? వెండి కొంత నీళ్లలోకి దిగుతుంది. డ్రైనేజీ గుండా మురుగునీటి శుద్ధి కేంద్రానికి చేరుతుంది. అక్కడ మురుగును తిని నీటిని శుభ్రం చేసేది బ్యాక్టీరియానే! ఏది మంచి క్రిమి, ఏది చెడ్డ క్రిమి అన్న తేడా వెండికి తెలియదు కదా. అందుకే నీళ్లలో ఎన్ని రేణువులున్నాయి, ఏ సైజువి అన్నది తేలాలి.

తేల్చడమే కష్టం. 20 నానోమీటర్ల రేణువులైతే, తల వెంట్రుక మందానికి సరిపోవాలంటే దాదాపు నాలుగువేలు వరసగా పేర్చాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూడొచ్చు. కాకపోతే మామూలుగా నీటిచుక్కను ఆరబెట్టి చూడాలి. ఆరేటప్పుడు రేణువులు ముద్దకడితే, నీళ్లలో విడివిడిగా ఉన్నాయో లేదో తెలిసేదెలా?

రేకుల షెడ్డు కింద నిలబడ్డారనుకోండి. వాన మొదలైంది. టప్... టప్... కళ్లు మూసుకునే చినుకుల్ని లెక్కపెట్టొచ్చు. పెద్ద చినుకైతే పెద్ద చప్పుడు. శాస్త్రవేత్తలు చేసిందీ ఇంచుమించు ఇదే!

అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆలెన్ బార్డ్ బృందం 2007లో ప్లాటినం రేణువులు ఒక్కొక్కటీ ఎలక్ట్రోడ్‌ను తాకడాన్ని కరెంటులో మార్పుగా పట్టుకుంది. 2011లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ కాంప్టన్ బృందం వెండి రేణువుల సైజునూ ఇలాగే కొలిచింది.

అదెలాగంటే... వెంట్రుకలో పదోవంతు మందముండే కార్బన్ పోగు లాంటి ఎలక్ట్రోడ్‌ను నీళ్లలో ముంచి, దానికి తగినంత వోల్టేజీ ఇస్తారు. నీటి అణువులు అటూ ఇటూ నెడుతుంటే రేణువులు దిక్కూదరీ లేకుండా తిరుగుతుంటాయి. అలా తిరుగుతూ ఒకటి వచ్చి ఎలక్ట్రోడ్‌కు తగులుతుంది. అందులోని ప్రతి వెండి పరమాణువూ ఒక్కో ఎలక్ట్రాన్‌ను వదిలేసి, అయానుగా మారి నీళ్లలో కలిసిపోతుంది. ఆ కాసేపూ కరెంటు ఎగిసి పడుతుంది. అదే మన 'టప్'!

ఒక్కో పరమాణువుకు ఒక్కో ఎలక్ట్రాన్ కాబట్టి, ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చాయో కొలిస్తే రేణువులో ఎన్ని పరమాణువులున్నాయో తెలిసిపోతుంది. 20 నానోమీటర్ల రేణువులో సుమారు రెండున్నర లక్షలుంటాయి. వ్యాసం రెట్టింపైతే ఎలక్ట్రాన్లు ఎనిమిది రెట్లవుతాయి. ఇక టప్పులు ఎంత తరచుగా వస్తే నీళ్లలో అన్ని ఎక్కువ రేణువులున్నట్టు. ఎలక్ట్రోడ్ చిన్నదిగా ఉండాల్సిందీ అందుకే. పెద్దదైతే జడివానలో చినుకుల్లా చప్పుళ్లన్నీ కలిసిపోతాయి.

చిక్కులూ ఉన్నాయి. ఉప్పునీళ్లలో రేణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి. అప్పుడు పది రేణువుల ముద్ద ఒక్క పెద్ద రేణువులా వినిపిస్తుంది. మురుగు పైన పొరలా పట్టేస్తే రేణువు పూర్తిగా కరగకపోవచ్చు. అప్పుడు ఉన్నదానికన్నా చిన్నదిగా లెక్కలోకి వస్తుంది. అయినా సముద్రపు నీటిలోనూ ఈ పద్ధతి పనిచేస్తుందని ఆక్స్‌ఫర్డ్ బృందం చూపింది.

ఇంత కష్టపడి లెక్కపెట్టడం దేనికంటారా? ఐరోపా కమిషన్ 2011లో నానో పదార్థానికి నిర్వచనం చెప్పింది. రేణువుల్లో సగమో అంతకన్నా ఎక్కువో 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండాలట. ఆ సగం బరువులో కాదు, సంఖ్యలో! 2022లో నిర్వచనాన్ని సవరించినప్పుడు కూడా సంఖ్యనే ప్రమాణంగా ఉంచింది. అంటే లెక్క తేలకుండా నిబంధన అమలు కాదు.

ఉగ్గుగిన్నెనైతే తూకం వేస్తే సరిపోతుంది. ఈ బుల్లి రేణువులకు మాత్రం తలలు లెక్కపెట్టాల్సిందే!