తలకిందుల గబ్బిలం, ఒక టారో కట్ట

ముందే చెప్పేస్తున్నా, నాకు జోస్యాల మీద నమ్మకం లేదు. 2019లో క్యాంపస్ ఇంటర్వ్యూలకి ముందు చిలుకూరు గుడి చుట్టూ 11 ప్రదక్షిణలు చేసిన మాట నిజమే. ఉద్యోగం వచ్చాక 108 చెయ్యడానికి మళ్ళీ వెళ్ళిన మాట కూడా నిజమే (లెక్క తప్పకుండా కార్డు మీద టిక్కులు పెట్టుకుంటూ మరీ!). అయినా సరే, నమ్మకం లేదు. అలాంటి నేను నెల రోజులుగా ఒక టారో కార్డుల కట్ట జేబులో పెట్టుకుని కనిపించిన ప్రతివాడికీ చూపిస్తున్నాను. ఆఫీసులో ఆల్రెడీ నాకు "బాబా" అని పేరు పడిపోయింది.

ఆ కట్ట చేసినవాడు నా పాత కొలీగ్. పోయినేడాది లేఆఫ్‌లో వాడి ఉద్యోగం పోయింది. ఆన్‌సైట్ చూసుకుందామంటే 2025 సెప్టెంబరులో అమెరికా వాళ్ళు కొత్త హెచ్‌వన్‌బీకి లక్ష డాలర్ల ఫీజన్నారు. వాళ్ళమ్మ చిలుకూరు వెళ్ళమంది. బుద్ధిగా వెళ్ళాడు, కానీ వస్తూ వస్తూ మొయినాబాద్‌లో వాళ్ళ మామయ్య తోటలో ఆగిపోయాడు. ఆ తోటలో పంపుసెట్టు పక్కన ఒక గది ఉంది. అందులో కూర్చుని లినోలియం ముక్కల మీద ఉలితో జంతువుల్ని చెక్కడం మొదలుపెట్టాడు.

లినోకట్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. తెల్లగా ఉండాల్సిన చోట చెక్కేస్తాం, మిగిలిన ఎత్తు భాగానికి రోలర్‌తో ఇంకు పూసి కాగితం అద్దుతాం. ప్రెస్ కొనే స్తోమత లేక మావాడు చెక్క గరిటె వీపుతో రుద్దాడు. కట్టకి 22 కార్డులు, 50 కట్టలు, వెరసి 1100 సార్లు రుద్దడం! అచ్చులో బొమ్మ తిరగబడుతుంది కాబట్టి అంకెలు కూడా తిప్పి చెక్కాలి. తొమ్మిదో కార్డు దగ్గర మావాడు ఆ సంగతి మర్చిపోయాడు. రోమన్ అంకెల్లో తొమ్మిదిని అద్దంలో చూస్తే పదకొండే కదా! మొదటి అచ్చుల్లో పదకొండో నంబరు రెండుసార్లు వచ్చింది, తొమ్మిది అసలు లేదు. లినో మీద అండూ ఉండదు, మొత్తం మళ్ళీ చెక్కాల్సిందే. మన ప్రొడక్షన్ బగ్గులు నయం అనిపించింది.

అసలు టారో కట్టలో 78 కార్డులు. మావాడు పెద్ద కార్డులు 22 మాత్రమే తీసుకుని మనుషుల్ని తీసేసి చేవెళ్ళ దారిలో కనబడే ప్రాణుల్ని పెట్టాడు. మూర్ఖుడి స్థానంలో గట్టు చివర నిలబడ్డ మేకపిల్ల. (లక్ష్మా గౌడ్ ఎచింగుల్లో మేకలు చూసినవాళ్ళకి ఇది ఎక్కడి వాసనో తెలిసిపోతుంది. ఆయనదీ మెదక్ జిల్లా పల్లెటూరే.) సన్యాసి బదులు గుడ్లగూబ. మృత్యువు బదులు కుబుసం విడుస్తున్న పాము. పిడుగు పడే బురుజు బదులు చెదల పుట్ట, దాని మీదకి వంగిన జేసీబీ పళ్ళు. మొయినాబాద్ వెంచర్ల మధ్య తిరిగేవాళ్ళకి దీనికి వివరణ అక్కర్లేదనుకుంటా.

ఇంకో ఫ్రెండు దగ్గర విదేశీ జంతువుల టారో ఒకటి ఉంది, తోడేలు, ఎలుగుబంటి, కొమ్ముల దుప్పి... బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ నేను తోడేలుని జూలో తప్ప చూడలేదు. గబ్బిలం సంగతి వేరు, మా ఊళ్ళో చిన్నప్పుడు రోజూ చూసేవాణ్ణి.

పోనీ ఇలాంటి పేక మనకి కొత్తా అంటే అదీ కాదు. గంజిఫా అని గుండ్రటి పేక ఒకటుండేది. అక్బర్ ఆస్థానంలో ఆడిన 12 రంగుల పేక గురించి అబుల్ ఫజల్ అయినీ అక్బరీలో రాశాడు. అందులో అశ్వపతి, గజపతి, నరపతి అని రంగులు. మన చరిత్ర పాఠాల్లో రాజుల పేర్లలాగే లేవూ? పాములకి అహిపతి, అడవి మృగాలకి వనపతి. దశావతార గంజిఫాలో 120 ముక్కలు, చేప, తాబేలు, వరాహం అన్నీ ఉంటాయి. అయితే అవి చేత్తో రంగులేసినవి, ఇది అచ్చు. టారో కూడా 15వ శతాబ్దపు ఇటలీలో మామూలు పేకాటే. మొదట్లో ప్రభువులకి చేత్తో వేసి ఇచ్చేవారు, చెక్క అచ్చులొచ్చాకే మామూలు జనం చేతికి చేరింది. దానితో జోస్యం చెప్పడం ఊపందుకుంది 18వ శతాబ్దం చివర్లోనే. అంటే పేక పాతది, జోస్యం తర్వాత తగిలించిన ప్లగిన్ అన్నమాట.

మాకు గొడవొచ్చింది సరిగ్గా ఇక్కడే. కట్టతోపాటు ఏ కార్డు వస్తే ఏం జరుగుతుందో చెప్పే పుస్తకం వేస్తానన్నాడు, టారో చెప్పేవాళ్ళు కొంటారట. వద్దన్నాను. ఫుట్‌పాత్ మీద చిలక జోస్యం చెప్పేవాణ్ణి చూసి మనం నవ్వుతాం. ఆ చిలకని పంజరంలో పెట్టడం చట్టం ప్రకారం నేరం కూడా, సబబే. అదే జోస్యం ఏసీ గదిలో ఇంగ్లీషులో చెబితే అపాయింట్‌మెంట్ తీసుకుని మరీ వెళతాం. మళ్ళీ దానికి నీ బొమ్మలెందుకురా అన్నాను. "నీకు ఒకటో తారీఖున జీతం పడుతుంది కాబట్టి ఎన్నైనా చెప్తావ్ రా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఉరితీసినవాడి కార్డు గురించి చెప్పకపోతే ఇదంతా దండగ. అసలు టారోలో ఒక మనిషి ఒంటికాలి మీద తలకిందులుగా వేలాడుతుంటాడు. మావాడి కార్డులో చేవెళ్ళ రోడ్డు మర్రిచెట్టు, దాని కొమ్మకి గబ్బిలం. ఊడల గీతలు ఎంత సన్నగా చెక్కాడంటే వేలితో తడమాలనిపిస్తుంది. ఆ రోడ్డున 900 పైచిలుకు మర్రిచెట్లున్నాయి. వాటిని కాపాడాలని వేసిన కేసుతో రోడ్డు వెడల్పు పని ఏళ్ళ తరబడి ఆగింది. నేను కూడా అప్పట్లో "సేవ్" అంటూ పిటిషన్ మీద క్లిక్ చేసి పుణ్యం కట్టుకున్నవాణ్ణే. తర్వాత 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు.

మొన్న చేవెళ్ళలో టీ కొట్టు దగ్గర కట్ట తీసి చూస్తుంటే కొట్టు నడిపే పెద్దావిడ ఆ కార్డు చేతిలోకి తీసుకుంది. "గబ్బిలం మంచిగొచ్చింది బిడ్డా" అంది. కాసేపు చూసి, "గని గీ చెట్ల పేరు జెప్పే గదా రోడ్డాపింది. గప్పుడే రోడ్డేస్తె గంతమంది వోతుండెనా?" అంది. చెట్లు ఉంచి కూడా రోడ్డు వెయ్యొచ్చు కదమ్మా అన్నాను. "గట్లనే ఎయ్యమను మరి, ఎవలొద్దన్నరు" అని కార్డు నా చేతిలో పెట్టి పాలు పొంగుతుంటే లోపలికి వెళ్ళిపోయింది. తోడేలు బొమ్మ చూపిస్తే ఆవిడ ఈ మాట అనేదా చెప్పండి!

మావాడికి ఇదంతా చెప్పాను. రెండు రోజులు పలకలేదు. చివరికి జోస్యం లేకుండా ఏ ప్రాణి ఎక్కడ కనిపించిందో ఒక్కో వాక్యం రాసి చిన్న కాగితం వేశాడు. గబ్బిలం కింద కిలోమీటరు రాయి నంబరు మాత్రమే ఉంది. జోస్యం పుస్తకం ఆలోచన పూర్తిగా మానలేదు, 50 కట్టల్లో అమ్ముడుపోయినవి 14. అందులో రెండు నావే.

తప్పు అచ్చుపడిన గుడ్లగూబ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. మానిటర్ కింద ఆనించి పెట్టాను. రిలీజు రోజున మాత్రం బోర్లించి పెడుతున్నా, నమ్మకం లేదనుకోండి, అయినా...