పెద్ద బ్యాటరీ కొనేముందు పాలలెక్క పుస్తకం తీయండి

కిందటి వేసవిలో గాలివాన వచ్చిన రాత్రి మీ ఇళ్ళల్లో ఎలా గడిచిందో గానీ, మా ఇంట్లో మాత్రం శివరాత్రి జాగారమే. తొమ్మిదింటికి పోయిన కరెంటు తెల్లవారుజామున రెండింటికి గానీ రాలేదు. ఇన్వర్టర్ ఉందిగా అని ధీమాగా ఉంటే, అది నలభై నిమిషాలకే కీచుమని అరిచి ఆగిపోయింది. బ్యాటరీకి ఆరేళ్ళు నిండాయి మరి! చీకటి సంగతి ఎలా ఉన్నా మా అత్తగారికి ఆయాసం ఎక్కువైంది. నెబ్యులైజర్ పెడదామంటే కరెంటు లేదు. చివరికి ఆవిణ్ణి పట్టుకుని మెట్లెక్కించి పైవాటా వాళ్ళింట్లో పెట్టించాం. ఆ పన్నెండు మెట్లు ఎక్కేసరికి ఆవిడ పడ్డ అవస్థ నేను మర్చిపోలేను.

మర్నాడే మావారూ నేనూ షాపుకి వెళ్ళాం. ఆ అబ్బాయి అడిగింది ఒక్కటే ప్రశ్న, “ఎన్ని గదులమ్మా?” అని. మూడన్నాం. “అయితే రెండు బ్యాటరీల సెట్టు పడాల్సిందే” అన్నాడు. రెండు బ్యాటరీలంటే 24 వోల్టులు. మాది 12 వోల్టుల ఇన్వర్టర్. అంటే అది కూడా మార్చాలన్నమాట. మావారు జేబులో చెయ్యి పెట్టబోతుంటే, “రేపొస్తాం బాబూ” అని బయటికి లాక్కొచ్చాను. కట్టాల్సింది నా చీటీ డబ్బులాయె.

ఇంటికొచ్చి పాలలెక్క పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను. కరెంటు పోతే మాకు తిరగాల్సింది మూడు ఫ్యాన్లు. పాతవి కాబట్టి ఒక్కొక్కటి 75 వాట్లు, మొత్తం 225. నాలుగు ఎల్.ఇ.డి. బల్బులు తొమ్మిదేసి చొప్పున 36. టీవీ 50. వెరసి 311 వాట్లు.

ఇక బ్యాటరీ. 12 వోల్టులు, 150 ఏ.హెచ్. అని ఉంటుంది కదా, ఆ రెండూ హెచ్చవేస్తే 1800. ఇంటర్‌లో చదివిన ఫిజిక్సు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది! అయితే ఆ 1800 మొత్తం మన చేతికి రాదు. ఇన్వర్టర్ దారిలో తినేది ఐదో వంతు దాకా ఉంటుంది. మిగిలిన 1440 కూడా అడుగంటా వాడేస్తే బ్యాటరీ తొందరగా చస్తుంది. పైగా దాని మీద సి20 అని ఉంటే, ఆ 150 అనేది 20 గంటల పాటు నెమ్మదిగా వాడుకుంటే వచ్చే లెక్క. గబగబా లాగితే అంత ఇవ్వదు. అందుకని ఇంకో నాలుగో వంతు కొట్టేశాను. చేతికొచ్చేది 1080. దాన్ని 311తో భాగిస్తే మూడున్నర గంటలు కూడా సరిగ్గా రాలేదు. మాకు కావలసింది ఐదు గంటలు.

షాపు అబ్బాయి చెప్పిందే నిజమా అని కాస్త నీరుగారిపోయాను, చెప్పొద్దూ. అప్పుడు మళ్ళీ ఆ పేజీ చూస్తే మింగేస్తున్నది ఫ్యాన్లే! కొత్తగా వచ్చే బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు 30 వాట్లకే తిరుగుతాయి. మూడూ మారిస్తే 90. మొత్తం 176 వాట్లు. అదే బ్యాటరీ ఆరు గంటలు వస్తుంది! మూడు ఫ్యాన్లకీ అయిన ఖర్చు రెండో బ్యాటరీ కంటే తక్కువే. పైగా కరెంటు బిల్లు నెలనెలా తగ్గుతుంది.

మరి నెబ్యులైజర్? దాని వెనక చీటీ మీద 150 వాట్లని చూసి గుండె జారింది. కానీ అది నడిచేది పది నిమిషాలు. అంటే 1080లో పోయేది 25. ఎన్ని వాట్లన్నదే కాదు, ఎంతసేపన్నది కూడా చూడాలన్నమాట. రాత్రంతా ఆక్సిజన్ మిషను పెట్టాల్సిన వాళ్ళుంటే మాత్రం ఈ లెక్క చాలదు. అది ఆగకుండా నడుస్తుంది కనుక డాక్టరుగారినీ, ఆ మిషను అమ్మినవాళ్ళనీ అడిగి విడిగా ఏర్పాటు చేసుకోండి. ఇన్వర్టర్ ఎలాగూ కొత్తది కొంటుంటే సైన్ వేవ్‌ది తీసుకోండి. మోటారున్న వస్తువులు గుయ్‌మనకుండా నడుస్తాయి. ఫ్రిజ్, మిక్సీ, గ్రైండర్ల జోలికి మాత్రం పోకండి.

మా మరిదిగారు కారు బ్యాటరీ అయితే చవగ్గా వస్తుంది వదినా అన్నాడు. కారు బ్యాటరీ ఇంజను తిప్పడానికి ఒక్కసారి బలంగా తోసి ఊరుకునే రకం. గంటల తరబడి బరువు లాగమంటే ఏడాదికే కూలబడుతుంది. లాగే రకం కావాలంటే ట్యూబ్యులర్. ఒకవేళ మీది నిజంగానే రెండు బ్యాటరీల ఇల్లయితే రెండూ ఒకేసారి కొనండి. పాతదాని పక్కన కొత్తది పెడితే పాతది కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది. లిథియం బ్యాటరీకి నీళ్ళ బాధ లేదు, ఎక్కువకాలం వస్తుంది, కానీ ఖరీదెక్కువ. పాత ఇన్వర్టర్ దానికి పనికొస్తుందో లేదో అడిగి మరీ కొనాలి.

చివరికి 150 ఏ.హెచ్. ట్యూబ్యులర్ ఒక్కటే తెచ్చుకున్నాం. పాతదాన్ని షాపులోనే ఇచ్చేసి ధర తగ్గించుకున్నాం. పాత సామాన్లవాడికి వేస్తే సీసం, యాసిడ్ ఎక్కడెక్కడ పారబోస్తాడో!

పెట్టించేటప్పుడు ఇంకో పేచీ. మావారు దేవుడి గది పక్కన ఖాళీగా ఉందిగా అన్నారు. చార్జి అయ్యేటప్పుడు బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది. నిప్పు తగిలితే పేలుతుంది. దీపం పక్కనా, వంటగ్యాస్ సిలిండరు పక్కనా వద్దంటే వద్దన్నాను. వరండాలో, ఎండా వానా తగలని మూలన గాలాడేలా పెట్టించాను.

నీళ్ళు నేనే చూస్తున్నాను, రెండు నెలలకోసారి. డిస్టిల్డ్ వాటరే పోయాలి. కుళాయి నీళ్ళు, ఆఖరికి మనం తాగే ఫిల్టరు నీళ్ళయినా సరే, పనికిరావు. యాసిడ్ అసలు పోయకూడదు. తేలేది పై గీత దాటకూడదు. పోసిన తేదీ క్యాలెండర్ మీద రాస్తుంటే మా అత్తగారు, “ఏమిటే, గ్యాస్ బండ తేదీయా?” అని అడిగారు. “కాదత్తయ్యా, మీ నెబ్యులైజర్ తేదీ” అన్నాను.