గోడకు సున్నమా, చేతికి పనా?

ఈ నెల సొంత ఊళ్ళను బాగుచేసుకొనే సంగతి కాస్త మాట్లాడుకొందాము. పద్మానగరులోనో, కామత్‌ఘరులోనో నలుగురు పెద్దలు కూర్చున్నచోట ఈ ప్రస్తావన రాక మానదు. ‘ఊళ్ళో ఇల్లు కురుస్తున్నది, ఏం చేద్దాం?’ అని ఒకరంటారు. ‘ఎవరుంటారక్కడ? అమ్మేయండి’ అని ఇంకొకరు. ‘పడగొట్టి స్లాబు వేయిస్తే పండుగకు పోయినప్పుడు నాలుగు రోజులు ఉండవచ్చు’ అని మూడవవారు. ముగ్గురి మాటల్లోనూ ఇల్లున్నది కాని, ఆ ఇంట్లో జరుగవలసిన పని లేదు. లోపం అక్కడే ఉన్నదని నా అభిప్రాయము.

ఇందుకు మనకు దగ్గరి ఉదాహరణ భూదాన్ పోచంపల్లి. హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరాన, నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది. 1951 ఏప్రిల్ 18న వినోబాభావే ఆ ఊరికి వచ్చినప్పుడు, అక్కడి 40 దళిత కుటుంబాలవారు బ్రతుకుతెరువుకు 80 ఎకరాల భూమి కావాలని అడిగినారు. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఊరి పేరుకు ముందు ‘భూదాన్’ చేరింది. ఆనాడు ఆ పేదలు అడిగినది డబ్బు కాదు, పని చేసుకొనేందుకు ఆధారము. ఈ మాట గుర్తుంచుకోదగినది.

డెబ్బయి ఏండ్ల తరువాత 2021లో ఆ ఊరి పేరు మళ్ళీ దేశదేశాల వినబడింది. ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ పర్యాటక సంస్థ 32 దేశాలలో 44 ఊళ్ళను ఉత్తమ పర్యాటక గ్రామాలుగా ఎంచి, వాటిలో పోచంపల్లిని చేర్చింది. డిసెంబరు 2న స్పెయిన్ దేశంలోని మాడ్రిడ్ నగరంలో ఆ బహుమానం ప్రదానం చేసినారు. వినోబా జ్ఞాపకమందిరమూ, నూటొక్క దర్వాజాల ఇల్లని జనం పిలుచుకొనే పాత ఇల్లూ చూడదగినవే. కాని వచ్చినవారు ముఖ్యంగా చూసేది మగ్గాన్ని. దారానికి ముడులు వేసి రంగు ముంచి, విప్పి, మళ్ళీ కట్టి, నేతలో పువ్వు పూయించే ఆ ఇక్కత్ పనిని చూస్తారు. మగ్గం నిలిచిపోతే తక్కినవి ఎంత అందంగా ఉన్నా ఒక పూట చూసిపోయే వస్తువులే అవుతవి.

పాత ఇల్లు బాగుచేయడమంటే ఏమిటో నేతవారి ఇంట్లో చూస్తే బోధపడుతుంది. మన ఇండ్లలో ఇల్లూ కార్ఖానా ఒక్కటే. ముందు గదిలో గుంటమగ్గం. కాళ్ళు పెట్టుకొనే గుంటలోకి వాననీరు ఊరితే ఆ కొన్నాళ్ళూ పని బందు, కూలి బందు. పడుగు సాగదీయడానికి పొడుగాటి చోటు కావాలి, ఆసు పోయడానికి వెలుతురున్న వసారా కావాలి. ఇవేమీ ఆలోచించకుండా పాత ఇల్లు కూల్చి మూడు చిన్నగదుల స్లాబు ఇల్లు కడితే మగ్గానికి చోటుండదు. ఇల్లు కొత్తదవుతుంది, కులవృత్తి బయటికి పోతుంది. వీధివైపు గోడకు సున్నం కొట్టి బొమ్మలు వేయించి, లోపల మగ్గంపై కప్పు కురుస్తుంటే చూడక పోవడం మరీ అన్యాయము. రూపాయి ఉంటే ముందు మగ్గం గది కప్పుకు పెట్టాలి, తరువాతనే గోడకు.

ఇక కప్పు బాగుపడితే సరిపోతుందా? చేతి సంగతి చూడాలి. పోచంపల్లి రకం చీరకు నూలు కట్టడానికి ముందు ఆసు పోయాలి. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంగా వరుస మేకులు. వాటి మధ్య దారాన్ని చేత్తో అటూ ఇటూ త్రిప్పాలి. ఒక చీరకు సుమారు 9 వేల సార్లు చెయ్యి చాచి ముడవాలి. నాలుగైదు గంటల పని. ఇది చేసేది ఆడవారు. భుజాల నొప్పితో కుంగిపోయిన తల్లులు ఎందరో! ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశంగారు తన తల్లి లక్ష్మమ్మ పడే ఈ బాధ చూడలేక, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రం తయారుచేసి దానికి తల్లి పేరే పెట్టినారు. చీర ఆసు గంటన్నరకు వచ్చింది. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఊరిని నిలబెట్టే పనులలో దీన్ని మించినది ఏది? పాత పనితనం చెడలేదు. మనిషి ఒళ్ళు మాత్రం మిగిలింది. 2019-20 నాటి చేనేత గణనలో దేశంలో చేనేత, దాని అనుబంధ పనులవారు 35 లక్షల పైచిలుకు అని తేలింది. వారిలో 25 లక్షలకు పైగా స్త్రీలే. కాబట్టి వారసత్వాన్ని కాపాడుతామనేవారు ముందుగా ఆడవారి కూలి ఎంత, వారి భుజం ఎట్లా ఉన్నది అని అడగాలి.

మూడవది అంగడి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు దొరికింది. కాని ఆ నమూనాను మరమగ్గపు గుడ్డపై అచ్చువేసి చవకగా అమ్మేవారు ఊరూరా ఉన్నారు. ఇక్కడ మనం నిష్ఠురంగా ఒక మాట అనుకోవాలి. భివండి సాంచాలమీద మనం నేసేది ఎక్కువగా రంగు వేయని కోరాగుడ్డ. అది ఏ అచ్చుశాలకు పోతుందో, ఏ నమూనా వేసుకొని ఏ దుకాణంలో కూర్చుంటుందో నేసినవానికి తెలియదు. ఇక్కడి తమ్ముని తాను అక్కడి అన్న చీరకు పోటీగా నిలబడవచ్చును. అందుకు సాంచా నడిపేవాణ్ణి తప్పుపట్టరాదు. పొట్టకోసం ఊరు విడిచివచ్చినవాడు ఆయన. కాని కొనేటప్పుడు ఏది నేత, ఏది అచ్చు అని మనకు మనం చూసుకోవచ్చును గదా! కట్టి నేసిన గుడ్డకు రెండువైపులా రంగు ఒకే తీరుగా ఉంటుంది. పువ్వు అంచులు కాస్త చెదరినట్లు కనబడతవి. అచ్చుగుడ్డ వెనుకవైపు సాధారణంగా వెలసినట్లుంటుంది.

వలసపోయినవారిని వెనుకకు తేవాలని ప్రభుత్వమూ ప్రయత్నించకపోలేదు. సూరతు, భివండి, షోలాపూరులకు పోయినవారికి సొంతగడ్డపైన పని చూపాలనే మాటతో వరంగల్లు దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన చేసినారు. మిల్లు పని మిల్లు పనే, అదీ కావలసినదే. కాని గుంటమగ్గమున్న వీధి బ్రతకాలంటే ఆ వీధిలోనే కూలి పుట్టాలి.

అందుచేత మన సంఘం పెద్దలకూ గృహిణులకూ మూడు విన్నపాలు. మొదటిది: ఊళ్ళో గుడికీ జాతరకూ చందా పంపే చేత్తోనే ఏటా ఒక్క మగ్గం గది కప్పు బాగుకు ఇవ్వండి. తాళం పడిన మీ ఇంటి ముందుగది పనిచేసే నేతగానికి తక్కువ అద్దెకు ఇవ్వండి. మనిషి మసలే ఇల్లు తొందరగా కూలదు. రెండవది: ఇంట్లో పెండ్లి వస్తే పది చీరలలో రెండు సొంత జిల్లా చేనేత సంఘంలో కొనండి. బేరం ఆడవచ్చును గాని, ఆసు పోసిన చేతిని తలుచుకొని ఆడండి. మూడవది: గుడ్డ వ్యాపారం ఎరిగిన మన యువకులు ఊరి సంఘాలకు లెక్కలలో, ముంబాయి అంగడి చూపడంలో తోడుపడండి. ఇన్నేండ్లు ఇక్కడ గుడ్డల మధ్య బ్రతికి నేర్చుకొన్న విద్య అది; పంచితే తరగదు.

మీ ఊళ్ళో ఇప్పుడు ఎన్ని మగ్గాలు ఆడుతున్నవో, ఏ మగ్గం ఏ కారణంచేత ఆగిందో కనుక్కొని మాకు వ్రాయండి. ఆ లెక్క చేతికి వస్తే, ఏ కప్పు ముందు కప్పాలో తెలుస్తుంది.