గడీలు కూలకముందే నమోదు చేయండి

తెలంగాణ వారసత్వ శాఖ సంచాలకులకు,

పాత నల్గొండ జిల్లాలో దొరల గడీలు కూలిపోతున్నాయి. టేకు దూలాలు ఊడదీసి అమ్మేస్తున్నారు. డంగుసున్నం గోడల మీద రావిచెట్లు మొలిచాయి. వీటిలో చాలావరకు ప్రైవేటు ఆస్తులే. ఆ యజమానుల హక్కును కాదనడం నా ఉద్దేశం కాదు. అయితే 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటానికి ఈ గోడలు సాక్ష్యం. 1946 జూలై 4న కడవెండిలో పోరాటకారుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగింది విసునూరు దేశ్‌ముఖ్ తల్లి గడీ దగ్గరే. వెట్టివాళ్లు చెప్పులు చేతబట్టుకుని దాటిన దర్వాజలివి.

కొమరయ్య పాఠం చదివిన పిల్లలకు చూపించడానికి రేపు రాళ్లకుప్ప తప్ప ఏం మిగులుతుంది? ఆనాడు పదేళ్ల వయసున్నవాళ్లకు ఇప్పుడు తొంభై దగ్గరపడ్డాయి. వాళ్లు పోతే ఏ గదిలో ఎవరిని కట్టేసి కొట్టారో చెప్పేవాళ్లుండరు. ఇక జాప్యం తగదు.

2017లో వారసత్వ చట్టం తెచ్చుకున్నాం. దాని స్ఫూర్తితో ముందుగా ఊరూరా గడీల జాబితా తయారుచేయించండి. కూల్చే ముందు మీకు తెలిపేలా, మీ సిబ్బంది కొలతలు, ఫొటోలు తీసుకునేలా కలెక్టర్ల ద్వారా ఉత్తర్వులిప్పించండి. నిలబెట్టుకోవాలనుకునే యజమానికి మరమ్మతు సాయం చేయండి. పెద్దల వాంగ్మూలాల రికార్డింగు మాత్రం ఈ ఏడాదే మొదలుపెట్టించండి.

ఇట్లు,
నల్గొండ జిల్లా పౌరుడు