అట్టగోడల డెన్‌లో అసలైన థ్రిల్లు!

విలన్ డెన్ గుర్తుందా? గోడ నిండా ఎర్రబల్బులు, మీట నొక్కితే పక్కకు జరిగే అల్మరా. హీరో ఒక్క తన్ను తంతే ఆ గోడ కాస్తా ఊగుతుంది. అది రాయి కాదు, అట్ట అని తెలిసిపోతుంది. అయినా కళ్లు తిప్పుకోలేం. ఎందుకంటారూ?

జవాబు మా అమీన్‌పూర్‌లోనే దొరికింది. మా పైవాటాలో ఓ పెద్దాయన ఉంటారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు షిఫ్టులు చేసి రిటైరయ్యారు. ఆదివారం మధ్యాహ్నమైతే చాలు, ఫోన్లో పాత క్రైమ్ సినిమా పెట్టేస్తారు. మొన్న 'రౌడీ రాణి' చూస్తున్నారు. బొమ్మంతా గీతలు, మాటలు గరగర.

"ఏం కనిపిస్తోందండీ ఇందులో?" అన్నాను.

"ఏం కనవడుతలేదు బిడ్డా... యాదికొస్తున్నది" అన్నారు నవ్వుతూ. నేల టికెట్టు, ఈలలు, అన్నీ!

మన దగ్గర ఈ వరసకు ఊపు తెచ్చింది 1966 నాటి 'గూఢచారి 116'. కృష్ణను ఆంధ్రా జేమ్స్‌బాండ్‌ని చేసింది. మరుసటి ఏడాదే జితేంద్రతో హిందీలో 'ఫర్జ్' అయింది. 1971లో కె.ఎస్.ఆర్.దాస్ 'జేమ్స్‌బాండ్ 777' తీశారు. అసలు బాండ్‌కున్నంత డబ్బు మనవాళ్లకెక్కడిది? లేనిదాన్ని ఫైట్లతో, కెమెరా కోణాలతో, ఎడిటర్ కత్తెరతో పూడ్చారు. చాలీచాలని జీతంతో నెల నెట్టుకొచ్చే ప్రేక్షకుడికి ఆ తంటాలు అర్థం కావూ!

ఇంకో సంగతి. పెద్ద సినిమాల్లో హీరోయిన్ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్న రోజులవి. డ్యాన్సులకే పిలిచే విజయలలిత 1970లో 'రౌడీ రాణి'గా సినిమా మొత్తం తనే మోసింది. దాస్ దాన్నే 1972లో హిందీలో 'రాణీ మేరా నామ్'గా తీశారు. ఆ అవకాశం ఇచ్చింది చిన్న సినిమాయే.

కానీ 'మాయాబజార్'కు 2010లో రంగులద్దారు. దాస్ తీసిన 'మోసగాళ్లకు మోసగాడు' కూడా 2023లో 4కెలో మెరిసింది. పెద్ద హీరో లేని సినిమాలకు ఆ అదృష్టం ఎక్కడిది?

ఆవేళ ఫోన్లో బొమ్మ ఉన్నట్టుండి ఎగిరింది. ఓ ముక్క లేదు. పెద్దాయన లేచి నిలబడి, చేతులూపుతూ ఆ ఫైటంతా చేసి చూపించారు. ఆయనకు గుర్తున్నంత కాలం ఆ రీలు ఉంటుంది. తర్వాతో?

ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్లను ఓసారి అడిగి చూడండి.