సాగరమాత యెవరు?

ఎవరెస్టు శిఖరమునకు ‘సాగరమాత’ యను ప్రాచీన సంస్కృత నామము కలదనియు, ఆంగ్లేయులు దానిని మాపివేసిరనియు వ్రాయువారు మనలో పెక్కండ్రు. మేమును ఆ మాటను కొన్నియేండ్లు తరగతిలో బోధించినవారమే. సముద్రపు తల్లి కొండకొన నేల కూర్చుండెనని యొక బాలు డడిగినపుడు, హిమవంతము ఒకప్పుడు సముద్రగర్భమున నుండెను గదా యని తప్పించుకొంటిమి. పిమ్మట నేపాలీ నిఘంటువు తెరచి సిగ్గుపడితిమి.

ఆ మాట సాగరమాత కాదు, సగరమాథా. నేపాలీలో సగర మనగా ఆకాశము. మాథా యనగా తల. అది మన మస్తకమునకు చుట్టమే గాని మాతకు గాదు. నేపాలీ చరిత్రకారుడు బాబూరామ్ ఆచార్య 1930వ దశకమున ఈ పేరును ప్రచారమునకు దెచ్చెను. మనవారు దీర్ఘ మొకటి చేర్చి, ఒత్తొకటి తీసివేసి, వేదకాలమునకు పంపిరి! గౌరీశంకరమును గూర్చియు నిట్టి భ్రమయే యుండెను. అది వేరొక శిఖరమని 1903లో వుడ్డు కొలిచి చూపిన తరువాత గూడ పాతపేరు వదలనివారు గలరు.

ఇక ఆంగ్లేయుల మాట. పదునైదవ శిఖరము 29,002 అడుగుల యెత్తని 1856లో ప్రకటించిన ఆండ్రూ వా, స్థానిక నామము దొరకలేదని చెప్పి, తన పూర్వాధికారి పేరు పెట్టదలచెను. అది దేశీయుల నోట పలుకదనియు, హిందీ పారసీ లిపుల నిముడదనియు 1857లో ఆక్షేపించినవాడు జార్జి ఎవరెస్టే. 1818లో హైదరాబాదున లాంబ్టనుకడ కొలువు చేరి, కృష్ణా గోదావరుల నడిమి యడవులలో జ్వరముపాలైనవాడు. దేశీయుల నోరు ఆయన కెరుక. (ఆయన యింటిపేరు ఈవ్‌రెస్టు. ఆంగ్లేయులే దానిని సరిగా పలుకరు.) అయినను 1865లో లండను భూగోళ సంఘమువా రాపేరునే స్థిరపరచిరి.

పేరు దొరకకపోవుట యేమి? 1733లో పారిసునందు వెలువడిన డాన్వీలు పటమునందే టిబెట్టు పేరు కొంత వికృతముగా నున్నది. చోమోలుంగ్మా! చోమో యనగా దేవి. ఉత్తరమున టిబెట్టువారును, దక్షిణమున ఆ కొండ నెక్కించు షెర్పాలును నేటికిని పలుకు పేరిదియే.

వా దొర ఈ పేరు వినలేదు. మనము వినియు, సంస్కృతము కాదని విడిచితిమి. ఎవరి తప్పు పెద్దది? సంస్కృతము చదివి బ్రదుకుచున్న మేము, ఆ భాషకు లేని సొత్తును దొంగిలించి యిచ్చుట గౌరవమని యొప్పుకొనము.

ఎవరెస్టు అను మాట వాడుకలో పాతుకొన్నది. దానిని పెరుకుమని మేమడుగము. మన పాఠ్యపుస్తకములలో దాని పక్కన చోమోలుంగ్మా యనియు, సగరమాథా యనియు రెండు పేర్లును అచ్చు వేయుడు. థకారపు టొత్తు మాత్రము మరువకుడు.